గొట్టపు చేదలో నీళ్లు దారిలోనే ఎందుకు కారిపోతాయి, అడుగు కవాటం ఎలా ఉండాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. 150 మిల్లీమీటర్ల కేసింగు, అంటే బోరు గోడ కూలకుండా దింపిన గొట్టం, ఉన్న బోరుబావిలోంచి మోటారు తీసేశారు. నీళ్లు నేలమట్టం నుంచి 20 మీటర్ల కింద ఉన్నాయి. కరెంటు లేని రోజుల్లో వాడకానికి నీళ్లు తోడుకోవాలని 110 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టం ఒక మీటరు ముక్క తీసుకుని, అడుగున రబ్బరు వాల్వు పెట్టి చేద తయారుచేసుకున్నారు. నీళ్లలో మునిగాక లాగడం మొదలుపెట్టినప్పుడు బరువు బాగానే తెలుస్తోంది గానీ, పైకి వచ్చేసరికి సగం నీళ్లు కూడా ఉండడం లేదు. వాల్వుకు స్ప్రింగు పెట్టి బిగుతు చేయాలా, ఇనుప గుండు వేయాలా, లేక గొట్టం ఇంకా లావుది తీసుకోవాలా అని అడిగారు.

ఈ మూడింటిలో ఏదీ వద్దు. స్ప్రింగు పెడితే చేద నిండడమే మానేస్తుంది, ఇనుప గుండు కూడా దాదాపు అదే పని చేస్తుంది, లావు గొట్టం బావిలో ఇరుక్కుంటుంది. ఇలాంటి చేదలు చాలా ఏళ్లుగా చేస్తూ, బాగుచేస్తూ ఉన్నాను. నా దగ్గరకు వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం చివరకు ఒకే చోట తేలాయి: వాల్వు బిళ్ల వచ్చి కూర్చునే ఆ గుండ్రటి అంచు, అంటే సీటు. అది అరచేతిలో సగం కూడా ఉండదు, కానీ చేద మంచిచెడ్డలన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

అసలు ఈ చేదకు వాల్వు ఎందుకో ముందు చూద్దాం, ఎందుకంటే మిగతా నిర్ణయాలన్నీ అక్కడి నుంచే వస్తాయి. వెడల్పాటి బావిలో మామూలు బొక్కెన నీటిని తాకగానే పక్కకు ఒరిగి, నోటితో నీళ్లు తాగి మునుగుతుంది. బోరుబావిలో ఒరగడానికి చోటు లేదు. అడుగు మూసిన గొట్టాన్ని దింపితే అది ఖాళీ సీసాలాగా నిటారుగా తేలుతుంది. దానిని ముంచాలంటే అది తొలగించే నీటి కంటే ఎక్కువ బరువు కట్టాలి, మీటరు గొట్టానికి అది తొమ్మిది కిలోల పైమాటే. ఆ బరువును ప్రతిసారీ నీళ్లతో పాటు పైకి మోయాలి. అడుగున పైకి మాత్రమే తెరుచుకునే వాల్వు ఉంటే ఆ బాధ తప్పుతుంది, నీళ్లే కింది నుంచి లోపలికి వస్తాయి. దీనికి ఇంకో లాభం కూడా ఉంది. బావి అడుగున మోకాలి లోతు నీళ్లు మాత్రమే మిగిలినా, మామూలు బొక్కెన ఒరిగి కాసిని నీళ్లే ముంచుకునే చోట, ఈ చేద ఆ ఎత్తు మేరకు నిండుతుంది.

నేల మీద కూర్చుని పీల్చే పంపు ఎందుకు పనికిరాదని కూడా మీ ప్రశ్న చివర ఒక వాక్యంలో అడిగారు. పీల్చే పంపు నీటిని లాగదు, పైనున్న గాలి ఒత్తిడే నీటిని గొట్టంలోకి నెడుతుంది. ఆ ఒత్తిడి సముద్రమట్టం దగ్గర సుమారు 10.3 మీటర్ల ఎత్తు నీటినే నిలబెట్టగలదు, ఆచరణలో 7 మీటర్లు దాటితే పని నమ్మకంగా జరగదు. మీకున్నది 20 మీటర్లు. కాబట్టి నీటిని కిందే పట్టుకుని పైకి మోసుకురావడం తప్ప, కిందికి దిగే పంపు లేని మనిషికి వేరే దారి లేదు. చేదను ఎంచుకోవడంలో మీరు పొరపాటు పడలేదు.

ఇప్పుడు వాల్వు పని. చేద దిగుతున్నప్పుడు బిళ్ల తన బరువుతో మూసుకుని ఉంటుంది. అడుగు నీటిలోకి వెళ్లగానే బయటి నీటిమట్టం లోపలి మట్టం కంటే ఎక్కువ అవుతుంది, ఆ తేడా బిళ్లను పైకి లేపుతుంది, నీళ్లు వస్తాయి. లోపలా బయటా మట్టాలు సమానం అయ్యాక ఎత్తే బలం ఏమీ మిగలదు గనుక బిళ్ల మెల్లగా దిగి సీటు మీద కూర్చుంటుంది. చేద నీటిలో ఉన్నంతసేపూ బిళ్ల మీద చెప్పుకోదగ్గ ఒత్తిడే ఉండదు. నీటి పైకి వచ్చిన క్షణం నుంచి మాత్రం లోపలి నీటి బరువంతా దాని మీద పడుతుంది. మీటరు ఎత్తు నీరు 50 మిల్లీమీటర్ల రంధ్రం మీద దాదాపు 2 కిలోల బరువుతో నొక్కుతుంది. అంటే బిగుతుగా మూసే పని నీళ్లే చేస్తున్నాయి, స్ప్రింగు చేసేది ఏమీ లేదు. వాల్వు చేయవలసిందల్లా నీటిని దాటి బయటకు రాకముందే సరైన చోట, మధ్యలో ఏదీ అడ్డు లేకుండా కూర్చోవడం.

అడ్డు వచ్చేది ఇసుక. ఒక్క గింజ ఏం చేస్తుందో లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే లెక్క చూసే వరకు దీన్ని ఎవరూ నమ్మరు. 50 మిల్లీమీటర్ల రంధ్రం అంచు మీద ఒక పక్కన 2 మిల్లీమీటర్ల గింజ చిక్కుకుందనుకోండి. బిళ్ల ఆ పక్క 2 మిల్లీమీటర్లు లేచి, అవతలి పక్క ఆని ఉంటుంది, చుట్టూ సగటున ఒక మిల్లీమీటరు సందు. రంధ్రం చుట్టుకొలత 157 మిల్లీమీటర్లు గనుక మొత్తం సందు 157 చదరపు మిల్లీమీటర్లు. మీటరు ఎత్తు నీరు ఆ సందులోంచి మొదట్లో సెకనుకు 400 మిల్లీలీటర్ల వేగంతో కారుతుంది, మట్టం తగ్గేకొద్దీ వేగం తగ్గుతుంది, మొత్తం చేద ఖాళీ కావడానికి సుమారు 40 సెకన్లు పడుతుంది. సెకనుకు అర మీటరు చొప్పున లాగితే 20 మీటర్లు రావడానికి పట్టేది కూడా సరిగ్గా 40 సెకన్లే! అంటే నిండుగా బయలుదేరిన చేద మీ చేతికి ఖాళీగా అందుతుంది. గింజ ఒక మిల్లీమీటరుదైతే నాలుగో వంతు నీళ్లు మిగులుతాయి, అర మిల్లీమీటరుదైతే సగానికి కాస్త పైన మిగులుతాయి. మీకు సగం కూడా రావడం లేదంటే, కంటికి ఆనీ ఆనని గింజ ఒకటి చాలు. బిళ్ల రబ్బరు మెత్తనిదైతే చిన్న గింజ అందులో దిగబడి సందు కొంత పూడుతుంది, గట్టి ప్లాస్టిక్కు బిళ్ల అయితే ఆ దయ ఉండదు.

కాబట్టి ఏదైనా మార్చే ముందు, కారేది ఎక్కడో తేల్చుకోండి. లాగుతున్నప్పుడు మాట్లాడకుండా కేసింగు మూతి దగ్గర చెవి పెట్టి వినండి. వాల్వు కారుతుంటే కింది నుంచి జల్లు పడుతున్నట్టు ఆగని చప్పుడు వస్తుంది, మొదట గట్టిగా, పోను పోను సన్నగా. అలా కాక, ఆగి ఆగి దభీమని కుమ్మరించిన చప్పుడు వస్తే అది పైనుంచి చిందుతున్న నీరు, వాల్వు దోషం కాదు. ఏ చప్పుడూ లేకుండా నీళ్లు తక్కువగా వస్తే చేద అసలు నిండలేదని అర్థం. తర్వాత చేదను శుభ్రంగా కడిగి, నిండా నీళ్లు పోసి, కొయ్యకో కమ్మీకో నిటారుగా వేలాడదీసి, కింద పొడి గిన్నె పెట్టి ఒక నిమిషం ఆగండి. కడిగిన చేద నిమిషానికి అర గ్లాసు లోపే కారితే సీటు మంచిదే, బావిలో ఇసుకే దొంగ. కడిగాక కూడా ధారగా కారితే సీటు లేదా రబ్బరు పాడైంది. అదే పరీక్షలో అడుగు మూత అతుకు చుట్టూ వేలితో తడిమి చూడండి; వాల్వును తిట్టుకుంటూ మూడుసార్లు మార్చి, చివరకు అతుకు సరిగా అంటుకోలేదని తెలుసుకున్న రోజు నాకూ ఉంది.

చిందడం గురించి ఒక మాట. చేతుల మీదుగా తాడు లాగేటప్పుడు చేద ఒకే వేగంతో రాదు, ప్రతి చెయ్యి మార్పుకూ ఒక్క క్షణం ఆగి మళ్లీ ఎగురుతుంది. ఆగిన క్షణంలో నీళ్లు వచ్చిన వేగంతోనే పైకి పోబోయి నోటి మీదుగా చిందుతాయి, బిళ్ల మీద ఒత్తిడి కూడా ఆ క్షణం తగ్గిపోయి కదులుతుంది. నిదానంగా, ఆగకుండా లాగడం అలవాటైతే ఈ నష్టం చాలా వరకు పోతుంది. డ్రమ్ము మీద తాడు చుట్టుకునే ఏర్పాటు ఉంటే అసలు ఉండదు.

ఇక ఏ రకం వాల్వు అన్నది. మూడు రకాలు వాడుకలో ఉన్నాయి: ఒక పక్క కీలుతో తెరుచుకునే రెక్క, రంధ్రంలో కూర్చునే గుండు, మధ్యలో కాడ ఉండి నిట్టనిలువునా లేచే బిళ్ల. మూడోదాన్ని పుట్టగొడుగు ఆకారం అనుకోండి.

గుండు చూడడానికి అన్నిటికంటే సులువు. భూగర్భజలాల నమూనాలు తీసేవారు వాడే సన్నని గొట్టాలలో ఉండేది అదే, ఆ పనికి అది సరిపోతుంది కూడా. ఇంటి చేదకు వచ్చేసరికి గుండు బరువు అడ్డం తిరుగుతుంది. 40 మిల్లీమీటర్ల ఉక్కు గుండు నీటిలో సుమారు 230 గ్రాములు తూగుతుంది. అది 30 మిల్లీమీటర్ల రంధ్రం మీద కూర్చుంటే దాన్ని లేపడానికి 32 సెంటీమీటర్ల నీటిమట్టం తేడా కావాలి. అంటే చేద 32 సెంటీమీటర్లు మునిగే దాకా చుక్క లోపలికి రాదు, ఆ తర్వాత కూడా లోపలి మట్టం బయటి మట్టానికి 32 సెంటీమీటర్లు వెనకబడే ఉంటుంది. బావిలో నీళ్లు ఎక్కువుంటే పై నోటి నుంచి నిండి గట్టెక్కుతుంది గానీ, నీళ్లు తక్కువున్న రోజున, అంటే సరిగ్గా అవసరమైన రోజున, ఉక్కు గుండు మోసం చేస్తుంది. అదే కొలత గాజు గుండు అయితే 7 సెంటీమీటర్లు చాలు. స్ప్రింగు వద్దన్నది కూడా ఈ కారణంతోనే. వాల్వును మూసి ఉంచే ప్రతి గ్రాము బలమూ నిండడంలో వసూలవుతుంది.

రెక్క వాల్వు అన్నిటికంటే పాతది. చైనాలోని సిచువాన్ ప్రాంతంలో 11వ శతాబ్దపు నడిమి కాలం నుంచే గిన్నె మూతి అంత సన్నని ఉప్పునీటి బావులు తవ్వి, కణుపులు తొలిచిన వెదురు బొంగు అడుగున తోలు ముక్క వేలాడదీసి ఉప్పునీటిని తోడేవారు. నీటిలో దిగినప్పుడు ఆ తోలు తనంతట తాను తెరుచుకుని, ఎత్తినప్పుడు మూసుకునే తీరును కవి సు షి ఆ రోజుల్లోనే వర్ణించాడు. ఆ పద్ధతి ఎంత దూరం పోయిందంటే, అక్కడి జిగోంగ్‌లోని షెన్‌హై బావి 1835లో వెయ్యి మీటర్ల లోతు దాటింది. అంత లోతు నుంచి ఉప్పునీరు వచ్చింది ఇలాంటి వెదురు చేదలతోనే, పశువులు తిప్పే పెద్ద చక్రాలకు చుట్టుకునే తాళ్లతోనే. కాబట్టి 20 మీటర్లకు ఈ పనిముట్టు చాలదేమో అన్న అనుమానం పెట్టుకోకండి. రెక్కకు ఉన్న గొప్పగుణం రంధ్రం దాదాపు మొత్తం తెరుచుకోవడం. అందుకే బోరు తవ్వేటప్పుడు బురద, రాతిపొడి తోడే చేదల్లో పెద్ద రెక్కలు పెడతారు. దోషం ఏమిటంటే కీలు దగ్గర ఇసుక చేరితే రెక్క పూర్తిగా వాలదు. తోలైతే కొన్నాళ్లు వాడకుండా పెడితే ఎండి ముడుచుకుంటుంది, మళ్లీ వాడేముందు ఒక రాత్రి నానబెట్టాలి. సైకిలు ట్యూబు ముక్క వేసేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: పల్చని రబ్బరు 2 కిలోల ఒత్తిడికి రంధ్రంలోకి పల్లంగా దిగిపోయి అంచు దగ్గర మడత పడుతుంది, అక్కడే కారుతుంది. దాని వెనుక రేకు బిళ్ల తప్పనిసరి. మీ చేదలో ఉన్నది రేకు లేని రబ్బరు రెక్క అని మీ వర్ణన బట్టి అనిపిస్తోంది.

తాగునీటి చేదకు నేను పెట్టేది కాడ ఉన్న బిళ్ల. దాన్ని ఎలా చేస్తానో చెబుతాను. 110 మిల్లీమీటర్ల గొట్టానికి సరిపోయే మందపాటి అడుగు మూత తీసుకుని, సరిగ్గా మధ్యలో 50 మిల్లీమీటర్ల రంధ్రం కోస్తాను. కోసిన అంచుకు లేచి ఉండే నెరుసులను ముందు కత్తితో తీసి, మూత లోపలి వైపు సీటు భాగం చదునుగా రావాలి గనుక చిన్న చెక్క బిళ్లకు సన్నరకం గరుకు కాగితం అంటించి లోపల గుండ్రంగా రుద్దుతాను. ఈ రుద్దుడు పది నిమిషాలు చేసినవారికీ రెండు నిమిషాలు చేసినవారికీ చేదలో తేడా కనిపిస్తుంది. సీటు వెడల్పు ఎక్కువ ఉండకూడదు. రంధ్రం చుట్టూ 5 మిల్లీమీటర్ల మేర చదును ఉంచి, ఆ బయట కాస్త పల్లంగా గీకితే గింజలు సీటు మీద నిలవకుండా పల్లంలోకి జారతాయి. మిల్లీమీటరు లోతు గాడి చాలు. నాకు ఈ ఉపాయం తెలియడానికి చాలా చేదలు పట్టాయి.

బిళ్లకు 3 మిల్లీమీటర్ల మందం మెత్తని రబ్బరు షీటు, 70 మిల్లీమీటర్ల వ్యాసం. దాని పైన 60 మిల్లీమీటర్ల వ్యాసం, 2 మిల్లీమీటర్ల మందం గల స్టెయిన్‌లెస్ స్టీలు బిళ్ల. రెండింటి మధ్యగా 8 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ బోల్టు, కింద వాషరు వేసి నట్టు. బోల్టు కాడ మూత కింద అడ్డంగా బిగించిన పట్టీలోని రంధ్రం గుండా పోతుంది, ఆ పట్టీయే దాన్ని నిటారుగా ఉంచుతుంది. పట్టీలో రంధ్రం కాడ కంటే ఒక మిల్లీమీటరు వదులుగా ఉండాలి. బిగుతుగా పెడితే ఒక ఇసుక గింజకే కాడ పట్టేసి వాల్వు తెరిచినది తెరిచినట్టే ఉండిపోతుంది. కాడ చివర రెండు నట్లు ఒకదానికొకటి బిగించి, బిళ్ల 12 నుంచి 13 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ లేవకుండా ఆపాలి. ఈ అంకె ఊరికే పెట్టింది కాదు: గుండ్రటి రంధ్రం వ్యాసంలో నాలుగో వంతు బిళ్ల లేస్తే చుట్టూ ఏర్పడే దారి రంధ్రం వైశాల్యానికి సమానం అవుతుంది. అంతకంటే ఎక్కువ లేపితే అదనంగా వచ్చే నీరేమీ లేదు, మూసుకోవడం మాత్రం ఆలస్యమవుతుంది. ఈ బిళ్ల, కాడ, నట్లు అన్నీ కలిపి నీటిలో 85 గ్రాముల చుట్టూ తూగుతాయి, అంటే నాలుగైదు సెంటీమీటర్ల నీటికే తెరుచుకుంటుంది. ఉక్కు గుండు 32 సెంటీమీటర్లతో పోల్చి చూసుకోండి.

మూత కింద గొట్టం ముక్క నాలుగు సెంటీమీటర్లది పావడాలాగా వదిలితే కాడకు రక్షణగా ఉంటుంది. కాడ ఆ పావడా లోపలే ఉండాలి. నీళ్లు పోసుకునే పాత్రలో పావడాలో పట్టేంత సన్నని పొట్టి మేకు ఒకటి నిలబెడితే, చేదను దాని మీద దింపగానే కాడ పైకి నెట్టుకుని నీళ్లన్నీ కింది నుంచి దిగిపోతాయి. చేదను పట్టుకుని వంచక్కర్లేదు, చేతులు నీటిని తాకవు. 1980లలో జింబాబ్వేలోని బ్లెయిర్ పరిశోధనశాల సన్నని బావుల కోసం రూపొందించిన ‘బకెట్ పంపు’ కూడా ఈ కోవలోదే: గొట్టపు చేద, అడుగున వాల్వు, పైన చేతితో తిప్పే ఇరుసు. పంపు అని పేరు పెట్టారు గానీ మనం మాట్లాడుకుంటున్న చేదే అది.

బరువు సంగతి చాలామంది మరిచిపోతారు. పీవీసీ నీటి కంటే బరువైనదే, సాంద్రత 1.4 దగ్గర ఉంటుంది, కానీ మునిగాక దాని బరువులో మూడో వంతు కూడా మిగలదు. మీ మీటరు గొట్టం నీటిలో అర కిలో తూగదు. అందుకే అది నీటి మీద ఊగుతూ నిదానంగా మునుగుతుంది, తాడు వదులై కేసింగు లోపల చుట్టలు పడుతుంది. అడుగు చుట్టూ కిలో, కిలోన్నర స్టెయిన్‌లెస్ లేదా జింకు పూత వేసిన ఇనుప కడియం తొడిగితే చేద నిటారుగా, చురుగ్గా మునుగుతుంది. సీసం మాత్రం తాగునీటిలో పెట్టకూడదు. నల్లని హెచ్‌డీపీఈ గొట్టంతో చేసేవారు ఇంకా ఎక్కువ బరువు కట్టాలి, ఎందుకంటే అది నీటిలో తేలే ప్లాస్టిక్కు.

లావు గొట్టం ఎందుకు వద్దన్నానో చెబుతాను. 150 మిల్లీమీటర్ల బోరులో 110 మిల్లీమీటర్ల చేద చుట్టూ 20 మిల్లీమీటర్ల చోటు ఉంటుంది. చేదను నీటిలోంచి సెకనుకు అర మీటరు వేగంతో లేపితే పక్కల నుంచి నీరు సెకనుకు 0.6 మీటర్ల లోపు వేగంతో కిందికి జారుతుంది. అదే చేదను 125 మిల్లీమీటర్ల బోరులో వాడితే ఆ వేగం 1.7 మీటర్లకు పెరుగుతుంది. అప్పుడు చేద చేద కాదు, పిచికారీలో ముషలకం (పిస్టను). అడుగున ఉన్న బురదంతా లేస్తుంది, లాగడం బరువవుతుంది, లేచిన ఇసుకే మళ్లీ సీటు మీద చేరుతుంది. పైగా కేసింగు రాయి తగిలే వరకే ఉంటుంది, దాని కింద బోరు గోడ గరుకుగా, వంకరగా ఉండవచ్చు. ఒకసారి ఎక్కువ నీళ్లు వస్తాయన్న ఆశతో చుట్టూ ఏడెనిమిది మిల్లీమీటర్లు మాత్రమే వదిలి చేద చేశాను. దిగేటప్పుడు బాగానే దిగింది. వచ్చేటప్పుడు కేసింగు అతుకు దగ్గర చిన్న రాతిముక్క పక్కన చేరి మేకు దిగినట్టు బిగిసింది. దాన్ని విడిపించడానికి కిందికి తోసే కమ్మీలు తెచ్చి సగం రోజు పోరాడవలసి వచ్చింది. అప్పటి నుంచి చుట్టూ 15 మిల్లీమీటర్ల కంటే తక్కువ వదలను. ఎక్కువ నీళ్లు కావాలంటే గొట్టం లావు పెంచకుండా పొడవు పెంచండి. మీ గొట్టంలో మీటరుకు 8 లీటర్లు పడతాయి.

తాడు విషయంలో తెగే బలం గురించి ఆలోచించేవారే ఎక్కువ, కానీ 12 కిలోలు మోయడానికి ఏ సన్నని నైలాను తాడైనా చాలు. చూడవలసింది చేతికి పట్టు. 6 మిల్లీమీటర్ల తాడు అరచేతిని కోస్తుంది, 10 మిల్లీమీటర్లది హాయిగా ఉంటుంది. తాడు మీద రెండు గుర్తులు కట్టండి: చేద అడుగు నీటిని తాకే చోట ఒకటి, అది పూర్తిగా మునిగే చోట ఇంకొకటి. బావి అడుగుకు మీటరు పైన ఆగేలా మూడో గుర్తు కూడా ఉంటే బురదలో గుచ్చుకోదు. నీటిమట్టం కాలాన్నిబట్టి మారుతుంది గనుక మొదటి రెండు గుర్తులను అప్పుడప్పుడు జరుపుకోవాలి.

నిండిన చేద 12 కిలోలు, వేగం సెకనుకు అర మీటరు అంటే సుమారు 60 వాట్ల పని, ఆరోగ్యంగా ఉన్న మనిషి కొంతసేపు చేయగలిగినదే. గిలక లాగే దిక్కును మాత్రమే మారుస్తుంది, బరువును తగ్గించదు. ఇరుసు డ్రమ్ము అలా కాదు. 15 సెంటీమీటర్ల వ్యాసం గల డ్రమ్ముకు 30 సెంటీమీటర్ల చేతిపిడి పెడితే 12 కిలోలు చేతికి 3 కిలోలుగా తెలుస్తాయి, బదులుగా 20 మీటర్లకు 43 చుట్లు తిప్పాలి. దింపడం, నిండడం, ఎత్తడం, పోయడం కలిపి ఒక్కో చేదకు నిమిషంన్నర వేసుకుంటే గంటకు 320 లీటర్లు అవుతాయి గానీ, విశ్రాంతి కలిపి చూస్తే ఒక్క మనిషికి 200 లీటర్లు అనుకోవడం నిజాయితీగల అంచనా. బోరులో మీటరు ఎత్తుకు సుమారు 17.7 లీటర్ల నీరు నిలువ ఉంటుంది గనుక నీటి ఎత్తు పది మీటర్లుంటే దాదాపు గంటసేపు తోడే నీరు నిలువలోనే ఉంటుంది, ఊట కూడా వస్తుంటే చేదతో బావి ఎండిపోతుందన్న భయం అక్కర్లేదు. డ్రమ్ముకు వెనక్కు తిరగకుండా ఆపే పంటి చక్రం తప్పక పెట్టండి. చెయ్యి జారితే తిరిగివచ్చే పిడి మణికట్టు విరగ్గొడుతుంది.

చేద పై అంచుకు పెట్టే కొక్కెం కమ్మీ వంపుగా, ఇల్లు కప్పులా రెండు వైపులా వాలి ఉండాలి. చదునైన పై అంచు కేసింగు అతుకుల్లో తగులుకుంటుంది. తాడు తెగి చేద పడిపోయినప్పుడు పైనుంచి మూడు కొక్కేల గుత్తి దింపి పట్టుకోవడానికి కూడా ఆ వంపు కమ్మీయే ఆధారం. ముడి కమ్మీకి రాసుకుని అరిగే చోటే తాడు తెగుతుంది, నడిమిలో కాదు. అక్కడ లోహపు కన్ను తొడిగి, నెలకోసారి ముడి విప్పి చూసి, చివర అరచెయ్యి పొడవు కోసేసి మళ్లీ కట్టుకోండి.

శుభ్రత గురించి గట్టిగా చెప్పక తప్పదు. మూసి ఉన్న బోరులో నీరు సాధారణంగా బాగానే ఉంటుంది, దాన్ని చెడగొట్టేది నేల మీద పడి మట్టి అంటిన తాడే. తాడు డ్రమ్ము మీదే ఉండాలి, చేద కొక్కేనికి వేలాడాలి, రెండూ నేలను తాకకూడదు. కొత్త చేదకు అతికే జిగురు ఒక రోజంతా ఆరాక, రెండు మూడుసార్లు నీళ్లు పోసి పారబోసి, తర్వాతే బావిలోకి దింపండి. ముందు పురుగుమందో రసాయనమో మోసిన గొట్టాన్ని ఎంత కడిగినా ఈ పనికి వాడవద్దు. మొదటి నాలుగైదు చేదల నీళ్లు మురికిగా వస్తే తాగడానికి పట్టుకోకండి. తాగే నీటిని మరిగించండి, లేదా క్లోరిన్ వేసి అరగంట ఆగాక లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ ఇంకా మిగిలి ఉందో లేదో పరీక్ష పట్టీతో చూసుకోండి.

మోటారు తీసేశారు గనుక మీకు ఈ చేద సాధ్యమైంది. మోటారూ దాని పైపూ కరెంటు కేబులూ లోపల ఉన్న బోరులో ఇలాంటి చేదను దింపకూడదు, కేబులుకు చుట్టుకుంటే రెండూ పోతాయి. తోడడం అయిన వెంటనే కేసింగు మూతి మీద బోల్టులతో బిగిసే మూత వేయండి. ఒక్క పూటకే కదా అని తెరిచి వదిలిన బోరులోనే పసిపిల్లలు పడతారు. ఇక లోతు 40 మీటర్లు దాటిన బావులకు నేను చేదను సూచించను. ఒక్కో చేదకు మూడు నిమిషాలు పోతాయి, మనిషి అలసిపోయి తాడు వదిలేస్తాడు. అక్కడ సిలిండరు నీటిలోకి దిగే చేతిపంపు పెట్టుకోవడం మేలు.

ముందు ఇప్పుడున్న చేదనే కడిగి వేలాడదీసి చూడండి. రబ్బరు వెనుక రేకు బిళ్ల లేకపోతే అది వేసి, అంచు చుట్టూ గాడి గీసి మళ్లీ ఒకసారి తోడండి. ఆ తర్వాత కూడా సగమే వస్తే, లాగుతున్నప్పుడు వినిపించిన చప్పుడు ఎలాంటిదో, వేలాడదీసిన నిమిషంలో గిన్నెలో ఎన్ని నీళ్లు పడ్డాయో రాయండి. ఆ రెండూ తెలిస్తే దోషం సీటులో ఉందో రెక్కలో ఉందో చెప్పగలను.